ఒకే నొప్పికి మూడు పేర్లు చెబితే: కీళ్ల నొప్పిలో డాక్టర్ల మాట కలవనప్పుడు ఏ దారి పట్టాలి

పొద్దున లేచి బ్రష్ పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకునేవి కావు. రెండు అరచేతుల మధ్య బ్రష్ ఇరికించి పట్టుకుని, చేతికి బదులు తలను ఆడిస్తూ పళ్లు తోముకున్న రోజులు చాలానే ఉన్నాయి. పది గంటలయ్యేసరికి అవే వేళ్లు కాస్త దారికి వచ్చేవి. సాయంత్రం డాక్టరు ముందు కూర్చున్నాక "పిడికిలి బిగించండి" అంటే చక్కగా బిగించేదాన్ని.

మొదటి డాక్టరు మోకాళ్ల ఎక్స్‌రే చూసి అరుగుదల అన్నారు. రెండో డాక్టరు మణికట్లు నొక్కి చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడి వాపు తెచ్చే జబ్బు) అని చెప్పి, కొన్నాళ్లకు మాత్రలు రాశారు. మూడో డాక్టరు ఓపిగ్గా విన్నారు, రక్తపరీక్షలు చూశారు, కీళ్లలో వాపు కనబడటం లేదు కాబట్టి ఇది ఫైబ్రోమయాల్జియా, అంటే వాపు లేకుండానే ఒళ్లంతా నొప్పి, అలసట ఉండే జబ్బు అన్నారు. మూడు ఫైళ్లూ మంచం మీద పరుచుకుని "వీళ్లలో ఎవరు కరెక్ట్?" అని తల పగలగొట్టుకున్నాను. పదకొండు నెలలు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాను.

ఇప్పుడు అదే టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను ముందు పక్కన పెట్టమంటాను. ఎవరు కరెక్టో తేల్చడం మన చేతుల్లో లేదు. తర్వాతి అడుగు ఏమిటన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఉన్న డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్లడమా, ఇంకొకరికి చూపించుకోవడమా, మరిన్ని పరీక్షలా, కొన్నాళ్లు ఆగి చూడటమా, మందు మొదలుపెట్టి చూడటమా? ఈ అయిదు దారులనే ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

ఆగకూడని సందర్భాలు

కొన్నిసార్లు పోల్చుకుంటూ కూర్చునే తీరిక ఉండదు. ఒక కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, వేడెక్కి, దాంతోపాటు జ్వరమో వణుకో వస్తే కీలులో ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడాలి. అది రోజుల్లోనే కీలును పాడుచేయగలదు. యాభై దాటినవాళ్లకు భుజాల నొప్పులతో పాటు కొత్తగా తలనొప్పి, నములుతుంటే దవడ నొప్పి, చూపులో తేడా వస్తే అది రక్తనాళాల వాపు కావచ్చు, చూపే పోవచ్చు. నడుము నొప్పితో కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా అంతే. వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఏ డాక్టరు ఏమన్నారన్నది తర్వాత చూసుకోవచ్చు.

అసలు మాటలు ఎందుకు కలవవు

ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటారని మనం వెంటనే అనుకుంటాం. తప్పులు జరుగుతాయి, కాదనను. కానీ కీళ్ల జబ్బుల్లో మాట కలవకపోవడానికి అంతకంటే మామూలు కారణాలే ఎక్కువ.

మొదటిది, నొప్పి రోజంతా ఒకేలా ఉండదు. కీలులో వాపు పుట్టించే జబ్బుల్లో బిగుతు పొద్దున ఎక్కువగా ఉంటుంది, అరగంట, గంట దాటినా వదలదు, కదిలించేకొద్దీ తగ్గుతుంది. అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే పోతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. పొద్దున ఎనిమిదికి చూసిన డాక్టరూ, సాయంత్రం ఆరుకు చూసిన డాక్టరూ చూసేది ఒకే చెయ్యి కాదు.

రెండోది స్కాన్ల సంగతి. అందులో కనబడిందే నొప్పికి కారణమని మనం నమ్మేస్తాం. 2008లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 50 నుంచి 90 ఏళ్ల వయసువాళ్ల మోకాళ్లకు ఎమ్మారై తీస్తే, మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి గానీ బిగుతు గానీ లేదు. ఎక్స్‌రేలో అరుగుదల కనబడటం నిజమే కావచ్చు, మీ నొప్పికి అదే కారణం కావాలని లేదు.

మూడోది రక్తపరీక్షలు. రుమటాయిడ్ కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కొందరికీ, హెపటైటిస్ సీ ఉన్నవాళ్లకూ పాజిటివ్ వస్తుంది. నిజంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో దాదాపు అయిదో వంతు మందికి నెగటివ్ వస్తుంది. లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే ఏఎన్ఏ పరీక్ష, రక్తాన్ని 80 రెట్లు పలచన చేసి చూసినా (1:80) ఆరోగ్యవంతుల్లోనే సుమారు 13 శాతం మందికి పాజిటివ్‌గా ఉంటుందని 1997 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లలో చాలామందికి గౌట్ (ఆ యాసిడ్ స్ఫటికాలుగా కీలులో చేరి వాచే జబ్బు) రానే రాదు. మరోవైపు గౌట్ నొప్పి తీవ్రంగా ఉన్న రోజునే యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడవచ్చు. వెన్ను వాపు జబ్బు కోసం చూసే ఎచ్ఎల్ఏ-బి27 అనే జన్యు గుర్తు పాజిటివ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి వెన్ను జబ్బు ఎన్నడూ రాదు. కాబట్టి ఒక్క కాగితం మీది ఒక్క పాజిటివ్ మాట పట్టుకుని జబ్బు పేరు ఖాయం చేయకూడదు, ఒక్క నెగటివ్ చూసి కొట్టేయనూ కూడదు.

నాలుగోది మనకు మింగుడుపడదు. రెండు పేర్లూ ఒకేసారి నిజం కావచ్చు. మోకాళ్లలో అరుగుదల, చేతుల్లో రుమటాయిడ్, వీటికి తోడు ఫైబ్రోమయాల్జియా, మూడూ ఒకే మనిషిలో ఉండవచ్చు. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు ఫైబ్రోమయాల్జియా రావడం అరుదేమీ కాదు.

అయిదోదే నా విషయంలో జరిగింది. రెండో డాక్టరు రాసిన మాత్రలు స్టెరాయిడ్. అవి వాడుతుండగానే మూడో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ముందు డాక్టరు మాట ఆవిడ మీద పడకుండా కొత్త కళ్లతో చూడాలని, ఆ సంగతి కావాలనే చెప్పలేదు. స్టెరాయిడ్ వాపును అణిచేస్తుంది, సీఆర్పీ, ఈఎస్ఆర్ లాంటి వాపు కొలతలనూ దించేస్తుంది. ఆవిడ నా మణికట్లు నొక్కారు, వాపు లేదు. రిపోర్టు చూశారు, సీఆర్పీ మామూలుగా ఉంది. కనబడినదాన్ని బట్టి ఆవిడ చెప్పింది సరైన మాటే. కనబడాల్సింది దాచింది నేను.

దేనితో కొలవాలి

దారులు పోల్చేముందు ఏ కొలతతో పోలుస్తున్నామో తేల్చుకోవాలి. ఖర్చు, తిరుగుడు, ఓపిక అనేవి ఎవరికి వారికి తెలుసు. వాటికంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయని నా అభిప్రాయం.

అన్నిటికంటే బరువైనది, ఆలస్యమైతే తిరిగిరానిది ఏదైనా పోతుందా అన్నది. చెప్పిన పేర్లన్నీ వరసగా రాసి, ప్రతిదాని పక్కనా "ఇదే నిజమై, ఆరు నెలలు పట్టించుకోకపోతే ఏమవుతుంది?" అని రాయండి. అరుగుదల అయితే ఆరు నెలల్లో పెద్దగా మారేదేమీ ఉండదు. ఫైబ్రోమయాల్జియా బాధ పెడుతుంది, నిద్ర పాడుచేస్తుంది, కానీ కీళ్లను తినేయదు. రుమటాయిడ్, సొరియాటిక్ ఆర్థరైటిస్ (సొరియాసిస్ అనే చర్మ జబ్బుతో ముడిపడిన కీళ్ల వాపు) అలా కాదు, మొదటి నెలల్లోనే ఎముకను కొరికే పని మొదలుపెట్టగలవు. అందుకే యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య 2016 సూచనల్లో, కీలు వాపు మొదలైన ఆరు వారాల్లోపు రుమటాలజిస్టుకు (కీళ్ల వాపు జబ్బుల స్పెషలిస్టుకు) చూపించాలని, జబ్బు కొనసాగే ముప్పు ఉన్నవాళ్లకు మూడు నెలల్లోపు మందు మొదలుకావాలని చెప్పింది. మీ జాబితాలో అలాంటి పేరు ఒక్కటి ఉన్నా, అది కాదని తేలేదాకా దాన్నే ముందు పెట్టుకోవాలి. అదే నిజమై ఉంటుందని కాదు, అదే అయితే నష్టం పెద్దదని.

రెండోది, ఈ అడుగు వల్ల కొత్తగా ఏదైనా తెలుస్తుందా. అదే ఎక్స్‌రే పట్టుకుని నాలుగో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే నాలుగో అభిప్రాయం వస్తుంది, కొత్త సమాచారం రాదు.

మూడోది, ఈ అడుగు తర్వాతి దారిని మూసేస్తుందా. స్టెరాయిడ్ ఉదాహరణ ఇందాకే చెప్పాను.

నాలుగోదాన్ని అందరూ మరచిపోతారు. ఈ అడుగు తర్వాత మొత్తం చిత్రం ఎవరి దగ్గర ఉంటుంది? ముగ్గురు డాక్టర్ల మధ్య మోసుకు తిరిగే ఫైలుకు మీరే దిక్కయితే, మూడు మందుల చీటీల మధ్య గొడవ కూడా మీరే పడాలి. ఇద్దరు వేర్వేరు పేర్లతో ఒకే రకం నొప్పి మాత్ర రాసినా పట్టుకునేవాళ్లు ఉండరు. అవి కలిస్తే దెబ్బ తగిలేది కడుపుకూ కిడ్నీలకూ.

మొదటి దారి: మొదటి డాక్టరు దగ్గరికే, రెండో మాట తీసుకుని

ఎవరూ ఎంచుకోని దారి ఇది. నామోషీగా అనిపిస్తుంది, ఆయన నొచ్చుకుంటారేమోనని భయం. నేనూ వెళ్లలేదు. ఇప్పుడు తలచుకుంటే అతి తక్కువ శ్రమతో ఎక్కువ తెలిసే దారి ఇదేనేమో అనిపిస్తుంది.

మొదటి డాక్టరు మిమ్మల్ని ముందు ఒక స్థితిలో చూసి ఉన్నారు. ఇప్పుడు మళ్లీ చూస్తే ఏం మారిందో చెప్పగలిగేది ఆయనొక్కరే, కొత్త డాక్టరుకు ఆ వీలు లేదు. ఎలా అడుగుతామన్న దాని మీదే ఉంది అంతా. "వాళ్లు మీది తప్పంటున్నారు" అంటే ఎవరైనా తమ మాటను నిలబెట్టుకోవాలనే చూస్తారు. "డాక్టరుగారూ, వేరే చోట ఇలా అన్నారు. మీరు అరుగుదల అనుకోవడానికి ముఖ్య కారణం ఏది? ఏం కనబడితే మీరు అభిప్రాయం మార్చుకుంటారు?" అని అడిగి చూడండి. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా పనికొస్తుంది. "రెండు మణికట్లూ వాచి ఉంటే ఆలోచిస్తాను" అన్నారనుకోండి, ఇక ఏం గమనించాలో మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగితేనే చిరాకుపడి, కారణం చెప్పకుండా "నేను చెప్పింది వాడండి" అంటే, ఈ దారి అక్కడితో అయిపోయినట్టే. అక్కడ ఇంకా సమయం పోగొట్టుకోవద్దు.

రెండో దారి: ఇంకో అభిప్రాయం

2017లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ప్రాథమిక వైద్యులు పంపిన 286 మంది కాగితాలు చూస్తే, వెళ్లినప్పటి జబ్బు పేరు ఉన్నదున్నట్టుగా నిలిచింది 12 శాతం మందికే. 66 శాతం మందికి అది మరింత స్పష్టమైంది. 21 శాతం మందికి పూర్తిగా వేరే పేరు తేలింది. అంటే ఎక్కువమంది విషయంలో మొదటి మాట తప్పు కాదు, అసంపూర్ణం. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఇది గుర్తుంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారన్నది ఎంతమంది దగ్గరికి వెళ్లారన్న దానికంటే ముఖ్యం. వాపు ఉన్న కీళ్లు, పొద్దుటి బిగుతు, ఒకటి కంటే ఎక్కువ కీళ్లు అయితే రుమటాలజిస్టు. ఒకే కీలు, దెబ్బ తగిలాక మొదలైంది, మోకాలు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదంటే ఎముకల డాక్టరు. ఒళ్లంతా నొప్పి, నిద్రలేమి, అలసట ఉంటే థైరాయిడ్, విటమిన్ డి లాంటివి చూడగల మంచి ఫిజీషియన్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ డి బాగా పడిపోయి ఎముకలు మెత్తబడినా కీళ్ల జబ్బులాగే అనిపిస్తుంది.

కొత్త డాక్టరుకు పాత పేరు చెప్పాలా వద్దా అన్న చిక్కు నాకు బాగా తెలుసు. నా సలహా ఇది. లక్షణాలు ముందు చెప్పండి, పరీక్షల రిపోర్టులన్నీ ఇవ్వండి, వాడిన ప్రతి మందునూ, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపారో తేదీలతో చెప్పండి. ముందువాళ్లు పెట్టిన పేరు మాత్రం, కొత్త డాక్టరు మీ చేతులు పరీక్షించి తన మాట చెప్పాక చెప్పండి. కొత్త కళ్లు కావాలనుకుంటే పేరును కాసేపు ఆపి ఉంచవచ్చు, మందును ఎప్పుడూ దాచకూడదు. అలాగని రేపు చూపించుకోవాలి కదా అని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయకండి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, రాసిన డాక్టరును అడిగే తగ్గించాలి.

ఒక పరిమితి పెట్టుకోండి. ఈ నాలుగో డాక్టరు కొత్తగా ఏం చూడగలరో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ అపాయింట్‌మెంట్ మానుకోవచ్చు.

మూడో దారి: మరిన్ని పరీక్షలు

"అన్నీ చేయించేద్దాం, ఏదో ఒకటి తేలుతుంది" అనిపిస్తుంది. ఈ దారిలో అదే చిక్కు. ఇరవై పరీక్షలు చేస్తే అర్థంలేని పాజిటివ్ ఒకటో రెండో వస్తాయి, వాటి వెనక మళ్లీ మూడు నెలలు పోతాయి.

గొడవ ఏ రెండు పేర్ల మధ్యో చూసి, ఆ రెంటినీ విడదీసే పరీక్షనే అడగాలి. రుమటాయిడా అరుగుదలా అంటే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పనికొస్తుంది. పాజిటివ్ వస్తే రుమటాయిడ్ వైపు గట్టిగా మొగ్గుతుంది, నెగటివ్ వస్తే మాత్రం తేలినట్టు కాదు. వాపు ఉందా లేదా అన్నదే తగువైతే, రక్తప్రవాహం చూపించే డాప్లర్‌తో కీళ్ల అల్ట్రాసౌండ్. చేతికి తగలని వాపు కూడా అందులో కనబడుతుంది, నాకు చిక్కు విప్పింది అదే. గౌటా కాదా అంటే, వాచిన కీలులోంచి నీరు తీసి మైక్రోస్కోప్ కింద స్ఫటికాలు చూడటం అన్నిటికంటే నమ్మకమైనది. నలభై అయిదు ఏళ్లలోపు మొదలై, విశ్రాంతితో పెరిగి, నడిస్తే తగ్గి, అర్ధరాత్రి దాటాక నిద్ర లేపే నడుము నొప్పి అయితే, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి ఏళ్లు పడుతుంది, కటి కీళ్ల ఎమ్మారై ముందే చూపగలదు.

ఏ పరీక్షకు ముందైనా డాక్టరును ఒకటి అడగండి. "ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తాం, నెగటివ్ వస్తే ఏం చేస్తాం?" రెంటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు.

నాలుగో దారి: గమనిస్తూ ఆగడం

ఆగడం అంటే మరచిపోవడం కాదు. తేదీ పెట్టుకుని ఆగడం.

ఇది కొందరికి నిజంగా సరైన దారి. వైరల్ జ్వరాల తర్వాత వచ్చే కీళ్ల వాపు వారాల్లో తగ్గిపోవచ్చు. చికున్‌గున్యా తర్వాతైతే నెలల తరబడి, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉండి, అచ్చం రుమటాయిడ్‌లాగే కనబడుతుంది. ఇప్పటికి పేరు పెట్టలేని కీలువాపు అని డాక్టర్లే ఒక విభాగం పెట్టుకున్నారు. అందులో కొంతమందికి దానంతట అదే తగ్గిపోతుంది, కొంతమందికి తర్వాత రుమటాయిడ్‌గా తేలుతుంది. "ఇంకా పేరు పెట్టలేం" అని చెప్పిన డాక్టరును చేతకానివారు అనుకోకండి. చాలాసార్లు అదే అన్నిటికంటే నిజాయితీ గల జవాబు.

అయితే వాపు స్పష్టంగా ఉండి ఆరు వారాలు దాటితే ఆగడం అంత మంచిది కాదు. ఆగేవాళ్లు మూడు విషయాలు ముందే రాసుకోవాలి. ఎన్నాళ్లు ఆగుతున్నారు, ఏం కనబడితే ఆ గడువులోపే వెళ్తారు, ఈలోపు ఎవరు చూస్తారు. రోజూ పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు ఉందో, ఏ కీళ్లు వాచాయో రాసి, వాచిన రోజున వెలుతురులో ఫోటో తీయండి. కనుపులు పొంగి, పిడికిలి బిగిస్తే వాటి మధ్య పల్లాలు కనబడని ఫోటో, "అప్పుడప్పుడు వాస్తుందండీ" అన్న మాటకంటే వంద రెట్లు నయం.

అయిదో దారి: మందు వాడి చూసి తేల్చుకోవడం

"ఈ మందు పనిచేస్తే ఈ జబ్బే" అన్న లెక్క వినడానికి బాగుంటుంది, కీళ్ల జబ్బుల్లో చాలాసార్లు మోసం చేస్తుంది. స్టెరాయిడ్‌తో దాదాపు ఏ వాపైనా తగ్గుతుంది. తగ్గింది కాబట్టి రుమటాయిడ్ అనడానికి లేదు. నేను పదకొండు నెలల్లో రెండుసార్లు ఆ తప్పు లెక్కే వేసుకున్నాను.

రుమటాయిడ్ లాంటి వాపు జబ్బులకు దీర్ఘకాలం వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందు సంగతి వేరు. పని మొదలవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. రెండు వారాల్లో తగ్గలేదని జబ్బు పేరే తప్పని తేల్చేయకూడదు. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. ఫోలిక్ యాసిడ్ తోడు ఉండాలి, లివర్, రక్తకణాల పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి, గర్భం దాల్చాలనుకునేవాళ్లు వాడకూడదు. పేరు గట్టిపడకముందే ఇలాంటి మందు మొదలుపెట్టడం తప్పు అనను. వాపు కళ్లెదుట ఉండి, కీలు పాడయ్యే భయం ఉంటే పేరు కోసం ఆగకుండా మొదలుపెట్టడమే మేలు. కానీ అది రుమటాలజిస్టు చేతి మీదుగా, ఎన్ని వారాలకు ఏం చూసి నిర్ణయిస్తారో ముందే చెప్పించుకుని జరగాలి.

వాపు ఎన్నడూ ఎవరికీ కనబడని ఫైబ్రోమయాల్జియా మనిషికి ఈ మందులు ఏళ్ల తరబడి వాడించడం కూడా నష్టమే. ఉపయోగం లేదు, దుష్ప్రభావాలు ఉన్నాయి. వ్యాయామం, నిద్ర, కొన్ని వేరే మందులతో తగ్గాల్సింది తగ్గకుండా ఉండిపోతుంది.

ఒక్క చూపులో

| దారి | కొత్తగా తెలిసేది | ప్రధానమైన ముప్పు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| మొదటి డాక్టరు దగ్గరికే తిరిగి | ముందుకీ ఇప్పటికీ తేడా, ఆయన ఆలోచన వెనక కారణం | కారణం చెప్పని చోట కాలయాపన | ప్రశ్నను స్వాగతించే డాక్టరు ఉన్నవాళ్లకు |
| ఇంకో అభిప్రాయం | కొత్త పరీక్ష, వేరే విభాగం చూపు | డాక్టర్ల చుట్టూ తిరుగుడు, బాధ్యత ఎవరిదీ కాకపోవడం | సరైన విభాగం ఇంతవరకూ చూడనివాళ్లకు |
| మరిన్ని పరీక్షలు | రెండు పేర్ల మధ్య తేడా | అర్థంలేని పాజిటివ్‌లు | తగువు ఏ రెంటి మధ్యో స్పష్టంగా తెలిసినవాళ్లకు |
| గమనిస్తూ ఆగడం | జబ్బు నడిచే తీరు | వాపు ఉంటే కీలు నష్టం | వాపు లేనివాళ్లకు, ఇటీవల వైరల్ జ్వరం వచ్చినవాళ్లకు |
| మందు వాడి చూడటం | కొంతే, అదీ వారాల తర్వాత | లక్షణాలు దాగిపోవడం, దుష్ప్రభావాలు | వాపు ఖాయంగా ఉండి, పేరు మాత్రమే తేలనివాళ్లకు |

మీరు వీళ్లలో ఎవరు

చేతుల్లోనో పాదాల్లోనో వాపు కంటికి కనబడుతూ, ఆరు వారాలు దాటిందా? ఎవరు ఏ పేరు చెప్పినా రుమటాలజిస్టే మీ తర్వాతి అడుగు. ఇందులో నాకు సందేహం లేదు. మీ కనుపు దగ్గరి ఉబ్బును మరో చేతి బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఎముకలా తగిలితే అరుగుదల బొడిపె కావచ్చు, అది ఎక్కువగా వేలి చివరి కణుపుల్లో, మధ్య కణుపుల్లో వస్తుంది. మెత్తగా, స్పాంజిలా లోపలికి పోతే కీలు పొర వాచి ఉండవచ్చు. నాలుగు కనుపులను పక్కల నుంచి కలిపి నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఇది ఇంట్లో జబ్బు తేల్చుకోవడానికి కాదు, డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి.

వాపు ఎప్పుడూ ఎవరికీ కనబడలేదు, స్కాన్ బాగుంది, కానీ ఒళ్లంతా నొప్పి, పడుకుని లేచినా అలసటే అన్నవాళ్లు వేరు. మీకు పదో రక్తపరీక్ష కంటే, మీ మాట నమ్మి ఏడాది పాటు వెంట ఉండే ఒక డాక్టరు ఎక్కువ అవసరం. ఫైబ్రోమయాల్జియా అంటే "ఏమీ లేదు" అని చెప్పడం కాదు, ఆ నొప్పి నిజమైనది. అలా చెప్పినవాళ్లు చులకనగా చెప్పి ఉంటే ఆ తీరు తప్పు, పేరు తప్పు కానక్కర్లేదు.

వయసు మీద పడి, షుగర్, బీపీ, కిడ్నీ ఇబ్బందులతో నాలుగు రకాల మందులు వాడుతున్నవాళ్లకు నాలుగో కొలతే మొదటిది కావాలి. మొత్తం మందుల జాబితా చూసే ఒక్క ఫిజీషియన్‌ను పట్టుకోండి. మిగతావాళ్లు ఆయనకు సలహాదారులు అనుకోండి.

ఆపరేషన్ చేయాలని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారా? వెనక్కి తీసుకోలేని అడుగు అదొక్కటే. రెండో అభిప్రాయం లేకుండా ఒప్పుకోవద్దు. ఆ రెండో అభిప్రాయం ఆపరేషన్ చేయని డాక్టరుదైతే ఇంకా మంచిది.

పేరు తేలేలోపు

మూడు పేర్ల మధ్య నలుగుతూ నేను పోగొట్టుకున్న కాలంలో, మూడింటికీ పనికొచ్చే పనులు చేయకుండా ఉండిపోయాను. అదే నా పెద్ద బాధ. ఓపికకు తగ్గ నడక, కండరాల బలం పెంచే వ్యాయామం అరుగుదలకూ, రుమటాయిడ్‌కూ, ఫైబ్రోమయాల్జియాకూ మేలు చేస్తాయి. బాగా వాచి ఉన్న కీలును ఆ రోజుకు ఒత్తిడి పెట్టకుండా వదిలేయాలి, అంతే. సిగరెట్ మానడం రుమటాయిడ్ విషయంలో ప్రత్యేకంగా ముఖ్యం, అది జబ్బు ముప్పునూ పెంచుతుంది, మందు పనితీరునూ దెబ్బతీస్తుంది. నిద్ర సరిచేసుకోవడానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.

ఫైళ్లన్నిటినీ ఒక్క పేజీలోకి దించండి. నొప్పి ఎప్పుడు, ఏ కీలులో మొదలైంది, తర్వాత ఎటు పాకింది, పొద్దుటి బిగుతు ఎంతసేపు, ఏ మందు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, దానితో ఏం మారింది. చివర్లో కీళ్లతో సంబంధం లేదనిపించేవి కూడా రాయండి. కళ్లు ఎర్రబడటం, నోటిపూత, విడవని విరేచనాలు, గోళ్లలో మార్పులు, తలలో పొలుసులు, ఇంట్లో ఎవరికైనా సొరియాసిస్. డాక్టరు ముందు కూర్చున్నాక ఇవి నోటికి రావు. నాకైతే అస్సలు రాలేదు.

చివరికి నేను వెళ్లిన రుమటాలజిస్టు, పాత డాక్టరుతో మాట్లాడి స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి, ఆపిన తర్వాత పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. అల్ట్రాసౌండ్‌లో రెండు మణికట్లలో వాపు కనబడింది. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగటివ్. రక్తంలో కనబడని రుమటాయిడ్ అని రాసి, మోకాళ్ల అరుగుదల కూడా నిజమేనని చెప్పి, వారానికోసారి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. మూడో నెలకు బ్రష్ ఒంటి చేత్తో పట్టుకోగలిగాను.

ఏడాది తర్వాత ఒక రోజు మామూలుగా చూపించుకోవడానికి వెళ్తే, ఆవిడ నా చెయ్యి కిటికీ వెలుతురులోకి తిప్పి గోళ్ల మీద వేలితో నిమిరి చూశారు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. "తలలో పొలుసులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. చుండ్రు అనుకుని ఏళ్లుగా పట్టించుకోని మచ్చ ఒకటి చెవి వెనకాల ఉంది, చూపించాను. ఫైలు మీది పేరు కొట్టేసి సొరియాటిక్ ఆర్థరైటిస్ అని రాశారు. నాలుగో పేరు. గుండె జారిపోయి, ఇన్నాళ్లూ వాడిన మందు వృథాయేనా అని అడిగాను. కాదని, ఈ జబ్బుకూ అదే మందు వాడతారని చెప్పి, కొత్త చీటీలో పాత మోతాదే రాసి ఇచ్చారు.